నలభై డిగ్రీల ఆముదం

ఇంకొక్క డిగ్రీ ఎక్కాలి. ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయి పాదరసం మొండికేసింది, రోజూ లేని నఖరాలు దీనికి ఇవాళే వచ్చాయి అనుకుంది నాగలక్ష్మి. ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం రెండున్నర, కరెంటు పన్నెండింటికే పోయింది. పోకపోయినా ల్యాబులో ఫ్యాను వేయకూడదు, గాలి తగిలితే నూనె చల్లబడుతుందట. అట అన్నదెవరు? తిప్పమ్మ. కిటికీ తెరవకూడదట, గొట్టాన్ని చేత్తో ముట్టుకోకూడదట, ఒంటి వేడి తగులుతుందట. అదీ తిప్పమ్మే. ఎదురుగా నిలువెత్తు గాజు గొట్టం, దాన్నిండా ఆముదం, పైన ఒక నల్ల గీత, అర మీటరు కింద ఇంకో నల్ల గీత. పక్కన గిన్నెలో ఆవగింజలంత ఉక్కు గుండ్లు. థర్మామీటరు నలభై చూపించగానే ఒక్కో గుండూ వదలాలి, పై గీత దాటగానే స్టాప్‌వాచీ నొక్కాలి, కింది గీత దాటగానే మళ్ళీ నొక్కాలి, ఎన్ని సెకన్లో రాయాలి. ఇంతే. దీనికి ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్ కావాలా? దారిన పోయే మనిషిని పిలిచి కూర్చోబెట్టినా చేస్తుంది. తన పరిశోధనైతే అది వేరు. ఇది తిప్పమ్మ పరిశోధన, తిప్పమ్మ గొట్టం, తిప్పమ్మ ఆముదం, చెమటలు మాత్రం నాగలక్ష్మివి.

పొద్దున హాస్టల్లో నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి అడిగింది ఆ మహాతల్లి. "అక్కా, మూడు కొట్టేసరికి నలభై తగుల్తాది సూడు. అప్పుటికి నేను ఇంటర్వ్యూలో ఉంటా. ఐదు గుండ్లు ఇడిసి టైము రాసిపెట్టు. నిన్ను తప్ప ఇంకెవుర్నీ నమ్మను నేను." నమ్మను అంట! ఆ మాట అన్నప్పుడు తిప్పమ్మ మొహంలో వెతికింది నాగలక్ష్మి, ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని. లేదు. ఉంటే ఎంత బాగుండేది, అక్కడే నాలుగు దులిపేసి చేయను పొమ్మనేది. ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద ఏడాదిన్నరగా పడుకుంటున్నారు ఇద్దరూ, తన నూనె సీసా, తన దువ్వెన, తన నోట్సు అన్నీ ఆమెకు ఇచ్చింది. శింగనమల పక్క పల్లె నుంచి రేకు పెట్టెతో, రెండు చీరలతో తిప్పమ్మ దిగినప్పుడు యూనివర్సిటీ క్యాంటీనులో కాఫీ ఎలా అడగాలో కూడా నేర్పింది తనే. ఇంగ్లీషులో సెమినారు చెప్పాలంటే ఒణికిపోతుంటే అద్దం ముందు నిలబెట్టి చదివించింది తనే. అప్పుడు తిప్పమ్మ మీద తనకు ఎంత ప్రేమగా ఉండేదో! తనకంటే కింద ఉన్నంతకాలం ఎవరినైనా ప్రేమించవచ్చు, అందులో కష్టమేమీ లేదు.

ముప్పై తొమ్మిది మీద రెండు చిన్న గీతలు. ఎక్కుతోంది. పోయిన ఏప్రిల్లో ఇదే గది, ఇదే గొట్టం, అప్పుడది నాగలక్ష్మి గొట్టం. జిగురు ద్రవంలో జారే గుండు మీద గొట్టం గోడల ప్రభావమెంత, అదీ తన విషయం. నేవియర్-స్టోక్స్ సమీకరణాలను విప్పి, జడత్వపు పదాన్ని తీసేసి, గోడను ఆనుకున్న ద్రవం గోడతో పాటే కదలకుండా ఉంటుందనే షరతు పెట్టి, నలభై పేజీల లెక్క చేసింది. ఎంత అందమైన లెక్క! చివరి పేజీ రాసిన రోజు అన్నం తినడం మరిచిపోయింది. తర్వాత పుస్తకం తెరిచి ఆముదం జిగట ఎంతో పట్టికలో చూసి, తన సూత్రంలో వేసి, గుండు కింది గీత చేరడానికి నిమిషం పడుతుందని తేల్చి, వదిలింది. పద్నాలుగు సెకన్లకే దిగిపోయింది. మళ్ళీ వదిలింది, మళ్ళీ పద్నాలుగు. నిమిషం ఎక్కడ, పద్నాలుగు సెకన్లు ఎక్కడ! ఆర్నెల్లు, అక్షరాలా ఆర్నెల్లు ఆ తేడా కోసం సమీకరణాలను పిండింది. తీసేసిన పదాన్ని మళ్ళీ తెచ్చిపెట్టింది, గోడల లెక్కను మూడుసార్లు తిరగరాసింది, గుండ్లు గుండ్రంగా లేవేమోనని భూతద్దం పెట్టి చూసింది. కలలో కూడా గుండ్లే. ఒక రోజు తిప్పమ్మ ఊరికే ల్యాబులోకి వచ్చి, గుండు జారడం చూసి, పట్టికలోకి తొంగి చూసి, పళ్ళికిలించింది. "ఆముదం కాగింది గదక్కా. మా గొర్రెల పుండ్లకు పూసేది చలికాలం పొద్దున సీసా బోర్లించినా దిగదు. ఎండాకాలం మజ్జాన్నం మూత తీస్తే సాలు, కారిపోతాది. నీ బుక్కు రాసినాయప్పది ఏ ఊరు?"

ఏ ఊరు! పట్టిక కింద చిన్న అక్షరాల్లో గది ఉష్ణోగ్రత వద్ద అని రాసి ఉంది. గదిలోనే కదా కూర్చున్నాను అనుకుంది నాగలక్ష్మి, అంతకు మించి ఒక్క ఆలోచన పోలేదు. ఇరవై డిగ్రీల గది లోకంలో ఎక్కడైనా ఉంటుందేమో, అనంతపురంలో ఏప్రిల్లో ఉండదు. యేసన్న సారుకు ఈ సంగతి తెలిసినప్పుడు ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటోంది. వాళ్ళిద్దరికీ గైడు ఆయనే, మంచి మనిషి, ఎవరినీ నొప్పించడు, ఆ ఒక్కరోజు మాత్రం ఆపుకోలేకపోయాడు. "ఏమ్మా నాగలక్ష్మీ, ఆ పుస్తకం రాసినాయన రూములో స్వెటరేసుకుని కూచున్నాడు. నువ్వు విసనకర్ర పట్టుకుని కూచున్నావు. రెండూ ఒకటే రూమా?" డిపార్టుమెంటంతా నవ్వింది. తిప్పమ్మ నవ్వలేదు, అదే మరీ ఒళ్ళు మండించింది. ఆ రాత్రి పక్క మంచం మీద నుంచి, నేను ఆ మాట నీతో ఒంటరిగా అనింటే బాగుండు గదక్కా, అంది. నిద్రపోయినట్టు నటించింది నాగలక్ష్మి. క్షమించమని అడిగే హక్కు కూడా ఆమెకు ఇవ్వబుద్ధి కాలేదు.

అంతటితో పోయిందా? వేడికి జిగట ఎలా తగ్గుతుందో కొలవమని సారు తిప్పమ్మకే అప్పజెప్పాడు. నిజానికి ఆ తప్పు నాగలక్ష్మిది, ఆ ఆర్నెల్లు నాగలక్ష్మివి, ఆ తప్పులోంచి పుట్టిన విషయం మాత్రం తిప్పమ్మకు. తన ఇంట్లో తను కన్న బిడ్డను పక్కింటామె ఎత్తుకుని ఊరంతా తిప్పుతున్నట్టు ఉంది. ల్యాబులో నూనెను ఒకే వేడిలో ఉంచే నీళ్ళ తొట్టి యంత్రం ఉంది, కొత్తది, అద్దంలా మెరుస్తోంది, దాంట్లోకి పోయడానికి నీళ్ళే లేవు. తాగడానికి దిక్కులేని చోట ఆముదానికి స్నానం చేయించేదెవరు? ఇంకెవరైనా ఆగిపోయేవాళ్ళు. తిప్పమ్మ ఆగలేదు. మన ఎండే మనకు పొయ్యి సార్, అంది. డిసెంబరు పొద్దున్నే ఇరవై, జనవరిలో పదింటికి ఇరవై నాలుగు, ఫిబ్రవరి మధ్యాహ్నం ఇరవై ఎనిమిది, ఇలా ఋతువుల వెంట, గంటల వెంట తిరుగుతూ, ఊరి వేడినే కొలిమిగా పెట్టుకుని ఐదు చుక్కలు సంపాదించింది. ఆరోది నలభై. మూడు రోజులుగా మబ్బు పట్టి ముప్పై ఎనిమిదికి మించలేదు. మబ్బైతే పట్టింది, వాన మాత్రం ఒక్క చినుకు లేదు. ఇవాళ కాసింది ఎండ, కాస్తే తిప్పమ్మ ఇంటర్వ్యూ రోజునే కాసింది, దేవుడు కూడా ఆమె పార్టీయే.

ఒకటే ఫెలోషిప్పు. అడిగినవాళ్ళు ఇద్దరు. పదకొండింటికి నాగలక్ష్మి ఇంటర్వ్యూ అయింది. బయటినుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, మధ్యలో యేసన్న సారు. మీ సిద్ధాంతానికి ప్రయోగానికి ఎందుకు పొంతన కుదరలేదు అని అడిగారు. చెప్పింది. ఉష్ణోగ్రత రాసుకోలేదా అని అడిగారు. రాసుకోలేదండి. వాళ్ళలో ఒకాయన పెన్ను మూత పెట్టాడు. ఆ టప్‌మన్న చప్పుడు! అది వినగానే కళ్ళముందు ధర్మవరం కనిపించింది, నాయన నారాయణప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని తలెత్తకుండా అన్న మాట వినిపించింది. ఈ ఏడు కాకుంటే వచ్చేసేయ్ పాపా, మగ్గం కాడ మనిషి కావాల. కోపంగా అనలేదు. అమ్మ చూపు తగ్గింది, అచ్చు అతికేవాళ్ళు లేరు, అంతే. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ బూడిద అద్దుకుని మెలిపెట్టాలి, వేల పోగులు, ఒక్కటి పక్కది పట్టుకుంటే చీర పొడుగునా కనిపిస్తుంది. పన్నెండేళ్ళకే ఆ పని వచ్చింది నాగలక్ష్మికి. ఎన్నడూ తప్పు పోగు కలపలేదు. ఆ వేళ్ళకు ఇప్పుడు లెక్కలు వచ్చు, మళ్ళీ బూడిదలోకి పోవాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. ఫెలోషిప్పు రాకపోతే తిప్పమ్మ ఏమవుతుందో మాత్రం ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టనివ్వలేదు.

ముప్పై తొమ్మిదిన్నర దాటింది. సారు పద్ధతి ఒకటుంది, పిచ్చి పద్ధతి అని అందరూ నవ్వుకుంటారు. కొత్త కొలత తీసేముందు అది ఎంత వస్తుందో రాసి, కవరు అంటించి ఆయన బల్ల మీద పెట్టాలి. కొలిచేది వేరే మనిషి అయ్యుండాలి. ఆ మనిషి పాత లెక్కలు చూడకూడదు, చూస్తే చెయ్యి తెలియకుండానే అటే పోతుందంటాడు. అందుకే తిప్పమ్మ నోటుబుక్కు తిప్పమ్మ వెంటే ఉంది, కవరు ఇంటర్వ్యూ గదిలో సారు ముందు ఉంది, మూడుంబావుకల్లా నాగలక్ష్మి కాగితం తీసుకుపోవాలి, అందరి ముందూ కవరు చింపుతారు. రెండూ కలిశాయా, అయిపోయింది. తిప్పమ్మ గీసిన గీత నిలిచినట్టే, ఫెలోషిప్పు వచ్చినట్టే. కలవకపోతే? కలవకపోతే ఐదు నెలల ఎండా చలీ వట్టిదవుతుంది, పెద్దమనిషి పెన్ను మూత టప్‌మంటుంది. ఆ మొహం ఒక్కసారి చూడాలి. ఒక్కసారి తిప్పమ్మకు కూడా నోట మాట రాకుండా నిలబడడం ఎలా ఉంటుందో తెలియాలి. తప్పా? పెద్ద కోరికా? ఆర్నెల్లు నవ్వులపాలైన మనిషికి ఆ మాత్రం ఆశ ఉండకూడదా?

నలభై. మొదటి గుండును చిమటాతో పట్టి నూనెలో ముంచి వదిలింది. ముత్యంలా మెరుస్తూ నెమ్మదిగా, ఎవరి జోలీ లేకుండా దిగసాగింది. పై గీత, నొక్కింది. ఎంత ముద్దుగా దిగుతుందో ఈ చిన్నది, ఎక్కడా తొందరపడదు, ఎక్కడా ఆగదు, బరువు కిందికి లాగుతుంటే నూనె పైకి పట్టుకుంటుంటే రెండూ సరిపోయి ఒకే నడక. ఈ నడక చూసే కదా ఈ చదువు మీద మనసు పడింది, మెడల్ కోసమా, పేరు కోసమా? కింది గీత, నొక్కింది. పద్నాలుగు పాయింట్ ఒకటి. చిన్న చీటీ మీద రాసింది. పోయినేడు తనకు వచ్చిన పద్నాలుగే. అప్పుడు థర్మామీటరు పెట్టి ఉంటే! ఒక్క థర్మామీటరు పెట్టి ఉంటే ఈ కాగితం మీద తన పేరుండేది. ఇప్పుడు కవరులో కూడా పద్నాలుగే ఉంటుంది, ఇంకేముంటుంది, తిప్పమ్మ లెక్క ఎప్పుడు తప్పింది గనక. తనలో ఇంత మంట ఉంటుందని తనకే తెలియదు.

రెండో గుండు వదిలింది. పై గీత దాటింది. బొటనవేలు వాచీ మీదే ఉంది, నొక్కలేదు. మగ్గంలో పోగు మోసే నాడె అటునుంచి ఇటు ఒకసారి వచ్చేంత సేపు ఆగింది. పుట్టినప్పటినుంచీ విన్న లయ అది, నిద్రలో అడిగినా తప్పదు. అప్పుడు నొక్కింది. పన్నెండు పాయింట్ తొమ్మిది. ఎంత తేలిక! మూడోది, నాడె ఒకసారి, పన్నెండు పాయింట్ ఎనిమిది. నాలుగోది, పన్నెండు పాయింట్ తొమ్మిది. అబద్ధం కూడా ఇంత కుదురుగా నేస్తున్నానే, నాయన చూస్తే ఏమంటాడో, పోగు తప్పిందని రెండు మూరల నేత విప్పేసిన మనిషి, ఆ రోజు రాత్రి అన్నం కూడా తినలేదు, ఎవరూ పట్టుకోరులే నాయనా అంటే నాకు తెల్సు గదా పాపా అన్నాడు, ఎందుకు గుర్తొస్తున్నావు నాయనా ఇప్పుడు, పో. ఐదోది. ఆరోది. అయిదు అంకెలూ తెల్ల కాగితం మీద పొందిగ్గా రాసి, సగటు పన్నెండు పాయింట్ తొమ్మిది అని కింద గీత కొట్టింది. పద్నాలుగు రాసిన చీటీని చింపబోయింది. చేతులు రాలేదు. నలిపి ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. వాచీని దారంతో మెడలో వేసుకుని బయటికి నడిచింది.

ఆవరణలో నేల కాలుతోంది, వేపచెట్ల కింద కూడా నీడ పలచగా ఉంది, చెప్పుల్లోంచి అరికాళ్ళు చుర్రుమంటున్నాయి. అటునుంచి తాడిపత్రి బండల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఇప్పుడైనా వెనక్కి పోవచ్చు. ఇంకా పది నిమిషాలుంది. పోలేదు. ఇంటర్వ్యూ గదిలో తిప్పమ్మ నల్లబల్ల పక్కన నిలబడి ఉంది, చేతినిండా సుద్ద, చెంపకు కూడా సుద్ద. బల్ల మీద ఐదు చుక్కలు, వాటిని కలుపుతూ తిన్నని గీత, నలభై దాకా సాగి ఖాళీగా ఎదురుచూస్తోంది. నాగలక్ష్మిని చూడగానే ఆమె కళ్ళు మెరిశాయి, అన్నం పళ్ళెం చూసిన మనిషిలా. కాగితం సారుకు అందింది. సారు కవరు చింపాడు. అద్దాలు సరిచేసుకుని ముందు కవరులోది చదివాడు.

"పన్నెండు పాయింట్ ఎనిమిది."

నాగలక్ష్మికి మొదట వినపడలేదు. వినపడినా అర్థం కాలేదు. సారు ఆమె కాగితం చదువుతున్నాడు, పన్నెండు పాయింట్ తొమ్మిది అంటున్నాడు, పెద్దమనిషి పెన్నుతో బల్ల మీద కొట్టి భేష్ అంటున్నాడు, తిప్పమ్మ సుద్ద చేతులతోనే వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. "నీ సెయ్యి సల్లగుండ అక్కా!" అప్పుడు ఒక్కసారిగా తెలిసింది, నల్లబల్ల మీద గీత చూస్తుంటే లెక్కంతా దానంతట అదే తేటపడింది. తిప్పమ్మ తప్పు చేసింది. తిప్పమ్మ మొదటిసారి తప్పు చేసింది! ఐదు చుక్కలు తిన్నగా ఉన్నాయి కదా అని గీతను అలాగే సాగదీసింది. నూనె అలా దిగదు, వేడి పెరిగేకొద్దీ జిగట తగ్గే జోరు మందగిస్తుంది, గీత వంగుతుంది, పద్నాలుగు పాయింట్ ఒకటి. ఊరికే నిజం రాసి తెచ్చి ఉంటే ఈ పాటికి తిప్పమ్మ గీత విరిగిపోయేది. తను పడగొట్టాలని తోసిన తోపు ఆమెను తీసుకెళ్ళి సరిగ్గా సింహాసనం మీద కూర్చోబెట్టింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

"నువ్వింక పోవచ్చమ్మా," అన్నాడు సారు ఆప్యాయంగా. గుమ్మం దాకా పోయింది. ఒక్క అడుగు వేస్తే బయట. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, మర్యాద మిగులుతుంది, ధర్మవరం బస్సు సాయంత్రం ఉంది. నోరు తెరిస్తే ఇద్దరూ పోతారు. ఇక్కడ ఆమెకు ధర్మం గుర్తొచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తిప్పమ్మ గెలవడం భరించవచ్చునేమో, తన చేత్తో, తన అబద్ధంతో గెలవడం మాత్రం చచ్చినా భరించలేకపోయింది. ఆ కుళ్ళే ఆమెను గుమ్మంలో వెనక్కి తిప్పింది.

"సార్, ఇంకో గుండు ఉండాది," అంది. పిడికిలి విప్పితే చెమటకూ ఆముదానికీ నానిన చీటీ అరచేతికి అంటుకుని ఉంది. "మొదుట ఇడిసింది ఇదే. పద్నాలుగు పాయింట్ ఒకటి. నిజం ఇదే సార్. మిగతా ఐదిటికీ వాచీ ఆలస్యంగా నొక్కినా. కావాలనే నొక్కినా."

సారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తిప్పమ్మ మొహం వంక చూడడానికి ధైర్యం చాలలేదు నాగలక్ష్మికి, ఇంతసేపూ చూడాలని తపించిన మొహం అదే. తలెత్తేసరికి తిప్పమ్మ అక్కడ లేదు, నల్లబల్ల దగ్గర ఉంది. లెక్క కట్టి, సుద్దముక్కతో ఆరో చుక్క పెట్టింది, గీతకు కాస్త పైన, విడిగా. రెండడుగులు వెనక్కి వేసి తల పక్కకు వంచి చూసింది. పడిపోతున్నది తన గీతే అయినా గొంతులో ఉన్నది దుఃఖం కాదు.

"వంగుతాండాది సార్," అంది. "గీత వంగుతాండాది! నాకు కనపళ్ళేదు సూడు."

ఆ సంబరానికీ అసూయే పుట్టింది నాగలక్ష్మికి, అన్నిటికంటే పెద్ద అసూయ. తిప్పమ్మ గోడ గడియారం వైపు చూసి, చీరకు చేతులు తుడుచుకుని, దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. కళ్ళలోకి చూడలేదు.

"ఇంకా అర్ధగంట ఎండ దిగదు. రాక్కా, మళ్ళీ ఇడుస్తాం. గుండు నువ్వే ఇడువు," అని, నాగలక్ష్మి మెడలోని దారాన్ని జడకు తగలకుండా మెల్లగా పైకి తీసి, తన మెడలో వేసుకుంది. "వాచీ నా కాడ ఉంటాది."